రొట్టెకు కండ్లు

సుబేదారిలో ఆఫీసుల వెనక సందులో మా ఇల్లు. కింద నేనూ, మా ఆయనా, మా అత్తమ్మా ఉంటాం. మా పాప హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ముందుగదే నా టైలరింగు షాపు. సందులోని ఆడవాళ్ళ జాకెట్లన్నీ నా మిషను కిందినుంచే పోతాయి, వాటితోపాటు సందులోని ముచ్చట్లు కూడా.

ఆ ఏడాది వేసవంతా మా పైవాటా ఖాళీగా ఉంది. వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ ఒక పొడుగాటి మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. నల్లగా, సన్నగా ఉన్నాడు. చెప్పులు గేటు బయటే విడిచి లోపలికి వచ్చాడు.

"యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తాండట. ఇథియోపియా దేశం. ఇన్నాళ్ళు హాస్టల్ల ఉన్నడు. ఇప్పుడు భార్య వస్తాందట, ఇల్లు వెతుకుతాండు" అన్నాడు మా ఆయన.

పరాయి దేశం వాళ్ళతో మాకు ఎన్నడూ మాటా మంచీ లేదు. వాళ్ళేం వండుకుంటారో, ఎట్లా ఉంటారో తెలియదు. వచ్చినాయన మెల్లగా, ఒక్కో మాట విడమరచి ఇంగ్లీషు మాట్లాడాడు. డిగ్రీ చదివిన నాకు అది బాగానే అర్థమైంది. అత్తమ్మ గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ఏమంటాండు?" అని అడిగింది నన్ను.

"పెండ్లాం వస్తాందట అత్తమ్మా. ఇల్లు కావాల్నట."

"పెండ్లాం వస్తాందంటే ఇయ్యాలె గదా! ఆడపిల్లను హాస్టల్ల వెట్టుకుంటడా?" అంది. అంతే, ఇల్లు ఇచ్చేసినట్టే అయింది.

మర్నాడే పక్కింటావిడ జాకెట్టు కొలతలకు వచ్చి, నాతో కాకుండా అత్తమ్మతో మొదలుపెట్టింది. "ఏం వదినా, నల్లోళ్ళకు ఇచ్చిండ్లట గదా ఇల్లు?"

"నా రంగేంది మరి? నన్నేమన్న పాలల్ల కడిగిండ్లా?" అంది అత్తమ్మ, చెయ్యి ముందుకు చాచి చూపిస్తూ. పక్కింటావిడ నవ్వేసింది. ఆ ముచ్చట అక్కడితో ఒడిసింది.

తర్వాతి వారం ఆమె వచ్చింది. మనిషి సన్నం. తలమీదుగా తెల్లటి నూలు శాలువా కప్పుకుంది, దాని అంచుకు రంగురంగుల బద్దె ఉంది. ఆటో దిగీ దిగగానే, అలసిపోయి ఉన్నా, గేటు దగ్గర నిలబడ్డ అత్తమ్మ దగ్గరకు వచ్చి తల వంచి, రెండు చేతులూ పట్టుకుని, ఈ చెంపా ఆ చెంపా మళ్ళీ ఈ చెంపా ముద్దు పెట్టుకుంది. అత్తమ్మ కట్టెలా నిలబడిపోయింది. మా ఇళ్ళల్లో కన్నబిడ్డలే పెద్దయ్యాక అట్లా ముద్దు పెట్టరు. ఆమె పైకి వెళ్ళాక అత్తమ్మ కొంగుతో చెంప తుడుచుకోబోయి, ఎందుకో ఆగి, శాలువా గురించి మాట్లాడింది. "అది అచ్చం పత్తేనే. మెత్తగున్నది. మన పత్తోలెనే ఉన్నది."

మొదటి రోజుల్లో మేం ఆమె ఆరోగ్యం గురించి భయపడ్డాం. ఏది అడిగినా నోరు కొంచెం తెరిచి చప్పుడయ్యేలా ఊపిరి లోపలికి పీల్చేది. "అన్నం తిన్నవా?" అని సైగ చేస్తే 'హ్హ' అని ఊపిరి. "నిద్ర పట్టిందా?" మళ్ళీ ఊపిరి.

"పిల్లకు దమ్ము బీమారి ఉన్నట్టుంది. దవాఖానకు తీస్కపొమ్మను ఆ పిలగాన్ని" అంది అత్తమ్మ. ఆ సాయంత్రం నేను ఆమె భర్తతో ఆ మాట చెబితే, ఆయన మెట్ల మీదే కూర్చుని నవ్వాడు. వాళ్ళ దగ్గర అవునని చెప్పడానికి అట్లా ఊపిరి పీలుస్తారట. నోటితో అనాల్సి వస్తే 'అవో' అంటారట.

"అవో అంటే అవు! మరి మన మాటనే గదా?" అంది అత్తమ్మ. ఆ రోజునుంచి ఆ అమ్మాయికి తెలుగు వచ్చనే నమ్మకంతో, ఏమాత్రం వేగం తగ్గించకుండా మాట్లాడడం మొదలుపెట్టింది. ఆమె అవో అనేది. ఇద్దరూ చాలాసేపు అట్లా మాట్లాడుకునేవాళ్ళు.

ఆయన పొద్దున్నే యూనివర్సిటీకి పోతే ఆమెకు పైన ఏమీ తోచేది కాదు. మొదట మెట్లమీద కూర్చునేది. రెండో వారానికల్లా నా షాపులో స్టూలు మీదకు చేరింది. ఒకరోజు నేను హెమ్మింగు చేయాల్సిన చీర పక్కన పెట్టి కరెంటు పోయిందని బయటికి వెళ్ళి వచ్చేసరికి, సూదిలో దారం ఎక్కించి సగం అంచు కుట్టేసి ఉంది. కుట్లన్నీ చిన్నవి, ఒకే తీరువి. నేను బాగుందని బొటనవేలు చూపిస్తే సిగ్గుపడింది. ఇంగ్లీషు ఆమెకు అంతగా రాదు. మా ఇద్దరి మధ్యా ఫోనులో తర్జుమా చేసే యాప్ ఉండేది. అది ఒక్కోసారి మమ్మల్ని గట్టెక్కించేది, ఒక్కోసారి నట్టేట ముంచేది. "నీ జాకెట్టు చంకలో బిగుతుగా ఉందా?" అని నేను అడిగితే, ఫోను ఏం చెప్పిందో ఏమో, ఆమె లేచి వెళ్ళి కిటికీ తెరిచింది.

నన్ను అక్కా అనడం సందులో పిల్లల్ని చూసి నేర్చుకుంది. మా అత్తమ్మను ఏమని పిలవాలో ఎవరూ చెప్పలేదు. నేను పిలిచేది విని తనూ "అత్తమ్మా" అంది. జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "ఇంకో కోడలు దొరికింది పో నీకు!" అన్నారు. అత్తమ్మ ఆ పిలుపును దిద్దలేదు. "ఏం బిడ్డా?" అని పలికింది.

అట్లా కుదురుకుంటున్న రోజుల్లోనే చాయ్ దగ్గర చిన్న పేచీ వచ్చింది. ఒక బుధవారం అత్తమ్మ తనే అల్లం దంచి, చిక్కటి పాలు పోసి చాయ్ పెట్టి, గ్లాసు ఆమె చేతికిచ్చింది. ఆమె తీసుకుని కింద పెట్టేసింది. తాగమంటే తల అడ్డంగా ఊపింది. మొన్నటిదాకా తాగినదే. బిస్కెట్టు ఇస్తే అదీ వద్దంది. అత్తమ్మ ముఖం మాడ్చుకుంది. మర్నాడు ఆ పిల్ల మామూలుగానే చాయ్ తాగింది. శుక్రవారం మళ్ళీ వద్దంది.

"మన ఇంట్ల తాగబుద్ధి అయితలేదు గావచ్చు" అంది అత్తమ్మ నాతో, ఆమె ముందే. మాట అర్థం కాకున్నా ఆ గొంతు ఆమెకు అర్థమైంది. ముఖం చిన్నబోయింది. ఫోను తీసి చాలాసేపు ఏదో టైపు చేసి నాకు ఇచ్చింది. తెరమీద తెలుగులో ఇట్లా ఉంది: 'నాలుగవ రోజు మరియు ఆరవ రోజు పాలు లేదు గుడ్డు లేదు మాంసం లేదు దేవుడు.'

నేను అది పైకి చదివాను. అత్తమ్మ ఒక్క క్షణం ఆలోచించి, తొడ మీద చరుచుకుంది.

"ఒక్కపొద్దా? ఓ నీ పాడుగాను! ఒక్కపొద్దని చెప్పక పోతివి! నేను శనివారం ఉంటగదా!" అంటూ, శనివారం అనే మాట ఎట్లా చెప్పాలో తెలియక, గోడమీది వేంకటేశ్వరస్వామి పటాన్ని చూపించి, నోటికి తాళం వేసుకున్నట్టు సైగ చేసి, చివర్లో ఒక్క పూట తిన్నట్టు చూపించింది. ఆ అమ్మాయి పటాన్నీ, అత్తమ్మనూ చూసింది. ఊపిరి లోపలికి పీల్చింది. ఆ రోజునుంచి మా ఇంట్లో బుధ, శుక్రవారాల్లో ఆమెకు పాలు లేని చాయ్, శనివారం అత్తమ్మ దగ్గర ఆమె కాపలా. నేను మర్చిపోయి శనివారం పొద్దున అత్తమ్మకు టిఫిను పెట్టబోతే, "అక్కా! ఒక్కపొద్దు!" అని అరిచేది.

అయితే మనిషి చిక్కిపోతోందని నాకు కుట్టుకొలతల్లోనే తెలిసింది. వచ్చిన కొత్తలో కుట్టిన జాకెట్టు వదులైంది. ఆయన్ను అడిగితే చెప్పాడు. అన్నం ఎంత తిన్నా ఆమెకు తిన్నట్టు ఉండటం లేదట. వాళ్ళకు పులిసిన పిండితో చేసే పెద్ద మెత్తటి రొట్టె ఉంటుంది, అది లేని పూట పూటే కాదట. హాస్టల్లో ఉండి ఆయన అన్నానికి అలవాటుపడ్డాడు, ఆమెకు అది చేతకావడం లేదు. నేను దోశలు పోసి పంపాను. తిని పళ్ళెం కడిగి తెచ్చిచ్చింది, కానీ దోశ చుట్టాలింట్లో మర్యాదకు తిన్నట్టే తిన్నదని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ రొట్టె ఎట్లా చేస్తారో ఫోనులో చూపించింది. చేటంత రొట్టె. దాని కింద నల్లటి మట్టి పెంక, మా ఇంటి రొట్టెల పెంకకు రెండింతలు వెడల్పు.

"గింత పెద్ద పెంకనా? ఊరంతటికీ వీళ్ళే చేస్తరా రొట్టెలు?" అంది అత్తమ్మ. మరి పిండి దేనిది అంటే, వాళ్ళ దేశంలో పండే ఏదో సన్నటి ధాన్యం, ఆవగింజలో పదోవంతు కూడా ఉండదు. అత్తమ్మ లోపలికి పోయి డబ్బాలో అడుగున ఉన్న తైదలు, అంటే రాగులు, గుప్పెడు తెచ్చి ఆమె అరచేతిలో పోసింది. ఆ పిల్ల వేలితో అటూ ఇటూ కదిపి చూసింది, ఒక గింజ కొరికింది. ఇంత లావు కాదు అన్నట్టు వేళ్ళు దగ్గరికి చేసి చూపింది. అయినా ఆ గుప్పెడు తిరిగి ఇవ్వలేదు, కొంగున కట్టుకున్నట్టు శాలువా చివర ముడేసుకుంది.

పెంక కోసం అడగని దుకాణం లేదు. ఇనుప పెంకలు, నాన్‌స్టిక్ పెంకలు ఉన్నాయి గానీ అంత వెడల్పువి లేవు, మట్టివి అసలే లేవు. చివరికి అత్తమ్మే అంది, "మా తల్లిగారి ఊర్ల కుమ్మరాయన ఉండె. అడుగుదాం పా." ఆమె తల్లిగారి ఊరు నర్సంపేట దాటి పోవాలి. తమ్ముడు అక్కడే వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఎండాకాలం నుంచి అత్తమ్మ ఊరికి పోలేదు. పెంక సగం సాకేనని నాకు తెలుసు. ఒక ఆదివారం షాపు మూసి ముగ్గురం బస్సెక్కాం.

బస్సులో అందరి చూపూ ఆమె మీదే. వెనక సీట్లో ఒక పెద్దావిడ, పత్తి చేలల్లో పనికి పోయే మనిషి లాగుంది, ఉండబట్టలేక ముందుకు వంగింది.

"ఎవరి పిల్లనమ్మా? ఏ ఊరు?"

"మా కోడలి చెల్లె" అంది అత్తమ్మ, టికెట్టు పెట్టుకున్న కొంగుముడి సర్దుకుంటూ.

ఆ పెద్దావిడ నన్ను చూసింది, నా పక్కన ఉన్న మనిషిని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "గట్లనా" అని వెనక్కి ఆనుకుంది. నాకు నవ్వాగక కిటికీ వైపు తిరిగాను. రోడ్డుకు రెండువైపులా నాట్లు పడ్డ పొలాలు, మోకాలెత్తు పత్తి. ఆమె కిటికీకి ముఖం ఆనించి అన్నీ చూసింది. ఒకచోట నాగలి కట్టిన ఎడ్లు కనబడితే నా భుజం పట్టి ఊపింది. తన నాన్న కూడా ఎడ్లతోనే దున్నుతాడని ఆ సాయంత్రం ఫోను చెప్పింది.

కుమ్మరాయన ఇప్పుడు పెళ్ళిళ్ళకు, బోనాలకు తప్ప కుండలు చేయడం లేదు. మిగతా రోజులు నర్సరీకి పూలకుండీలు. "గసొంటియి ఎవలు వాడతాండ్లు అక్కా ఇప్పుడు? నడుమ పలుగుతది" అని మొదట కాదన్నాడు. ఆమె వాకిట్లో గొంతుక్కూర్చుని, మట్టిలో వేలితో పెద్ద గుండ్రం గీసింది. దాని కింద మూడుచోట్ల గులకరాళ్ళు పెట్టింది. తర్వాత చేతిని అంచునుంచి లోపలికి చుట్లు చుట్లుగా తిప్పుతూ, పిండి పోసే తీరు చూపింది. కుమ్మరాయన భార్య పని ఆపి వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

"మూడు రాళ్ళ పొయ్యి మీద అట్టు వోస్తరు. గంతే గదా?" అంది భర్తతో. "చేసియ్యరాదు, పిల్ల గంత దూరమెల్లి వస్తే!"

మొదటి పెంక ఆవంలో కాలుస్తుండగానే పగిలింది. ఆ సంగతి అత్తమ్మ తమ్ముడు ఫోనులో చెబితే ఆమెకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అత్తమ్మే చెప్పింది, చేతులు విరిచి చూపించి, వెంటనే ఒక వేలు పైకెత్తి, "ఇంకోటి జేస్తాండు, ఫికర్ జెయ్యకు" అని. రెండోది నిలిచింది. అత్తమ్మ తమ్ముడు మోకాలి నొప్పికి దవాఖానకు వస్తూ దాన్ని వరిగడ్డిలో చుట్టి, ఆటోలో ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. వెంట ఒక సంచీలో పత్తిగింజలు, ఒక కట్ట ఎండిన పత్తికట్టె కూడా. గింజలు ఎందుకంటే, పెంకకు నూనె పట్టించడానికి వాళ్ళ దగ్గర పత్తిగింజలే రుద్దుతారట. బర్రెలకు పెట్టే గింజలు రొట్టెల పెంకకు రుద్దడమేమిటని తమ్ముడు దారి పొడవునా నవ్వుకున్నాడట.

మా డాబా మీద మూడు ఇటుకల పొయ్యి వెలిసింది. పెంక కాగి, పత్తిగింజలు దాని మీద నల్లగా మాడుతుంటే వచ్చిన పొగకు పక్కింటావిడ గోడమీదుగా, "ఏమో కాలుతాంది, చూస్కోండ్లి!" అని కేకేసింది. మూతకు అత్తమ్మ తన పాత పెద్ద గంజు మూత అటక మీదినుంచి దింపించింది. తైదపిండిలో కొంచెం బియ్యప్పిండి కలిపి, రోజుల తరబడి పులియబెట్టిన పిండి బకెట్లో ఉంది. ఆ పిల్ల డబ్బాతో పిండి తీసి, అంచునుంచి చుట్లు తిప్పుతూ పోసి, మూత పెట్టింది. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. మూత తీసింది. రొట్టె బాగానే ఉంది, నాకైతే. ఆమె వంగి చూసి, ఇంకొకటి పోసింది. అదీ చూసి, పొయ్యి పక్కన కూలబడిపోయింది.

"కండ్లు లేవు" అంది, తన కండ్లు చూపించుకుంటూ. "కండ్లు లేవు, అత్తమ్మా."

కండ్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. "పొగ తలిగింది! జల్ది నీళ్ళు తే!" అంది అత్తమ్మ. నేను చెంబు తెచ్చాను. అత్తమ్మ ఆమె గడ్డం పట్టి తల వెనక్కి వంచి, కండ్లమీద నీళ్ళు చల్లింది. ఆ పిల్ల వద్దు వద్దంటూ చేతులు అడ్డం పెడుతుంటే, "ఊకో, ఊకో, సల్లగైతది" అంటూ ఇంకా చల్లింది. ముఖమంతా తడిసి, శాలువా తడిసి, చివరికి ఆమె రొట్టె తీసి మా ముఖాల ముందు పట్టుకుంది. దానిమీద వేలితో పొడిచి, "కండ్లు! దీనికి కండ్లు లేవు!" అని అరిచింది. అప్పుడు తెలిసింది. ఆ రొట్టె పైన చిన్న చిన్న రంధ్రాలు నిండుగా పడాలి. వాటిని వాళ్ళ భాషలో కండ్లంటారు. మా రొట్టె నున్నగా, అద్దంలా ఉంది.

ముందు అత్తమ్మకే నవ్వొచ్చింది. చెంబు కింద పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ పిల్ల కొంచెంసేపు తడి ముఖంతో చూసి, తనూ మొదలుపెట్టింది. ఆ గుడ్డి రొట్టెలనే ముగ్గురం మామిడికాయ తొక్కుతో తిన్నాం. పుల్లగా, బాగానే ఉన్నాయి.

తర్వాత రెండు మూడు సార్లు కూడా కండ్లు రాలేదు. వానాకాలం చల్లదనానికి పిండి సరిగా పులవడం లేదని వాళ్ళిద్దరూ కలిసి తేల్చుకున్నారు. బకెట్టుకు గోనెసంచి చుట్టి వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన పెట్టారు. పిండిలో జొన్న కలిపారు, నీళ్ళు మార్చారు. వాళ్ళేం మార్చారో నేను సరిగ్గా పట్టించుకోలేదు, అప్పుడు శ్రావణమాసం, జాకెట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం పైనుంచి నా పేరు పెట్టి కాదు, "అక్కా! అక్కా!" అని సందంతా వినబడేలా కేక. మెడలో టేపుతోనే పరుగెత్తాను. పెంకమీద రొట్టె ఉంది. దాని నిండా తేనెపట్టులా కండ్లు. ఇంకా కొన్ని మా ముందే తెరుచుకుంటున్నాయి.

ఆ తర్వాత కొద్దిరోజులకే వాళ్ళ కొత్త సంవత్సరం వచ్చింది. మమ్మల్ని భోజనానికి పిలిచారు. గదిలో నేలమీద పచ్చగడ్డి పరిచి ఉంది, వెనక ఖాళీ స్థలంలో కోసుకొచ్చిందే. ఒక మూల ఊదు పొగ. ఆమె మా ముందే కాఫీ గింజలు వేయించి, ఆ పొగ మా ముఖాల మీదికి విసిరింది, అది కూడా మర్యాదేనట. మక్కపేలాలు పెట్టింది. తర్వాత ఒకే పెద్ద పళ్ళెం వచ్చింది. పళ్ళెం అంతా పరిచిన రొట్టె, దానిమీద కుప్పలుగా కోడికూర, పప్పు, ఆకుకూర. కోడికూరలో ఉడికించిన గుడ్లు. అందరూ చుట్టూ కూర్చుని అందులోంచే తినాలి.

నేను అత్తమ్మ వైపు చూశాను. ఎంగిలి విషయంలో ఆమె పట్టింపు నాకు తెలుసు. నా పెళ్ళయినప్పటినుంచి ఆమె గ్లాసులో నేను నీళ్ళు తాగిందీ లేదు, నా గ్లాసులో ఆమె తాగిందీ లేదు. "అందరం ఒక్క కంచంలనా?" అని నా చెవిలో అడిగి, చెయ్యి ఒడిలోనే పెట్టుకుని కూర్చుంది. మా ఆయన దగ్గాడు.

ఆ పిల్ల రొట్టె తుంచి, కూరలో అద్ది, ముద్దగా చుట్టి, అత్తమ్మ ముందుకు జరిగి నోటి దగ్గర పట్టుకుంది.

"మా దగ్గర పెద్దవాళ్ళకు ఇట్లా పెడతారు. ప్రేమ ఉన్నవాళ్ళకు" అన్నాడు ఆయన ఇంగ్లీషులో. నేను తెలుగులో చెప్పాను. అత్తమ్మ ఆ చేతిని చూసింది, ఆ పిల్ల ముఖం చూసింది. నోరు తెరిచింది. ముద్ద పెద్దది, నమలడానికి చాలాసేపు పట్టింది. మింగాక కొంగుతో మూతి తుడుచుకుని, "కారం మంచిగున్నది" అంది. తర్వాత తనే పళ్ళెంలో చెయ్యి పెట్టింది.

మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని ఆగింది. "నాకు బుద్ధి తెలిసినంక నా నోట్లె ముద్ద వెట్టినోళ్ళు లేరే" అంది. నా భుజం వదలకుండానే మిగతా మెట్లు దిగింది.

అదే నెలాఖరులో బతుకమ్మ వచ్చింది. బజారులో గుట్టలు పోసిన తంగేడు పూలు చూసి ఆమె నిలబడిపోయింది. వాళ్ళ దగ్గర కూడా కొత్త సంవత్సరానికి ఆడపిల్లలు పసుపుపచ్చని పూలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాడతారట. నేను కుట్టిన జాకెట్టు, నా పట్టుచీర కట్టుకుని మాతో వచ్చింది. చప్పట్ల అడుగు ఆమెకు తొందరగానే పట్టుబడింది, కానీ భుజాలు ఊరుకోలేదు. వాళ్ళ నాట్యమంతా భుజాల్లోనే ఉంటుందట. మరుసటి రోజుకు మా సందు ఆడపిల్లలు కొందరు బతుకమ్మ చుట్టూ భుజాలు ఎగరేస్తూ తిరిగారు.

అన్ని రోజులూ అట్లాగే నడిచాయని చెప్పలేను. చలికాలంలో ఒకసారి వాళ్ళ ఊరికి ఫోన్లు కలవడం ఆగిపోయింది. ఏదో గొడవల వల్లట, ఆయన అంతకన్నా చెప్పలేదు. రోజులు గడుస్తున్నా కలవలేదు. ఆమె కిందికి రావడం మానేసింది. నేను పైకి వెళ్ళి ఏదో ఒకటి మాట్లాడి వచ్చేదాన్ని, అది సరిపోయేది కాదు. అత్తమ్మ అనపకాయల బుట్ట ఎత్తుకుని పైకెళ్ళి, ఆమె ఎదురుగా బోర్లించి, తనూ కూర్చుని వొలవడం మొదలుపెట్టింది. మాట్లాడలేదు. ఆ పిల్ల కూడా ఫోను పక్కన పెట్టి కాయలు అందుకుంది. అట్లా మా వీధిలో ఎవరింట్లో అనపకాయలున్నా ఆ వారం మా పైవాటాకే వచ్చాయి. ఒక మధ్యాహ్నం ఆమె ఫోను మోగింది. తల్లి గొంతు విని ఆమె వేసిన కేకకు నా చేతిలో కత్తెర జారింది. ఆ సాయంత్రం వీధికంతా కాఫీ పోసింది. పక్కింటావిడ రెండు కప్పులు తాగి, ఆ రాత్రంతా నిద్ర పట్టలేదని మర్నాడు చెప్పింది.

ఇప్పుడు ఆమెకు మా తెలుగు బాగా వచ్చు. పుస్తకాల తెలుగు కాదు, అత్తమ్మ తెలుగు. కూరగాయల బండి దగ్గర, "గిదేంది అన్నా, పుచ్చులున్నయ్, జర మంచియి ఏరి వెయ్యి" అంటే బండాయన మారుమాట్లాడకుండా ఏరి వేస్తాడు. ఆమె భర్తకు ఇన్నేళ్ళయినా "బాగున్నారా" దాటి రాలేదు. ఆటో మాట్లాడాలన్నా, గ్యాసు సిలిండరు వాడితో చెప్పాలన్నా ఆమెనే పిలుస్తాడు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని వాళ్ళతో మాట్లాడుతుంటే ఆయన వెనక నిలబడి వింటాడు.

మొన్న ఆయన కిందికి వచ్చి కొంచెం దిగాలుగా చెప్పాడు. థీసిస్ అనుకున్న సమయానికి అవడం లేదట, ఇంకో ఏడాది పట్టొచ్చట. ఇల్లు మరో ఏడాది ఉంచుకోవచ్చా అని అడిగాడు. నేను "అయ్యో" అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. లోపలికి వెళ్ళి అత్తమ్మతో చెబితే ఆమె "అయ్యో" కూడా అనలేదు. "మంచిగనే అయింది. తొందరేమున్నది? నిమ్మళంగ చదువుకోమను" అంది.

ఇది రాస్తుండగా పైనుంచి నీళ్ళ చప్పుడు. వెంటనే ఆమె కేక.

"అక్కా! ట్యాంకు నిండింది! మోటరు బంద్ చెయ్యి!"

"చేస్తాన!" అని లేచాను.